అరసెకను అక్రమం

గౌతమి మేలుకోవడానికి పదకొండు సెకన్లు పడుతుంది. అందులో మొదటి అరసెకనులో ఘోరమైన అక్రమం జరుగుతోందని ఆడిట్ వాళ్ళు కనిపెట్టారు. ఒకసారీ రెండుసార్లూ కాదు, ఇరవై నాలుగేళ్ళుగా, రోజూ, ప్రభుత్వ యంత్రాల్లోనే జరుగుతోందట.

గౌతమి అంటే మనిషి కాదు. రాష్ట్ర గణక వ్యవస్థల సంస్థ సొంతంగా తయారు చేసుకున్న ఆపరేటింగ్ సిస్టం. ఏలూరు శివార్లలో, ఒకప్పుడు విత్తనాల గోదాముగా ఉన్న రేకుల షెడ్డులో ఆ సంస్థ పుట్టింది, ఆ షెడ్డులోనే ఇంకా ఉంది. సొంత భవనం వచ్చేదాకా తాత్కాలికంగా అందులో సర్దుకోమన్నారు. ఆ తాత్కాలికానికి రజతోత్సవం దగ్గర పడింది. వాన పడితే ఇప్పటికీ గోడల్లోంచి వేరుశనగ వాసన వస్తుంది.

ఆడిట్ కాగితాన్ని గుబ్బల నూకరాజు టీ తాగుతూ చదివాడు. రెండోసారి చదివేసరికి టీ చల్లారిపోయింది. ఎందుకంటే ఆ అరసెకను అతనిదే.

విషయం ఏమిటంటే, మిషన్ ఆన్ చేసిన క్షణాన దానికి ఏమీ తెలీదు. తనకెంత మెమరీ ఉందో, అందులో ఏది ఖాళీయో, ఏది కాదో తెలీదు. ఆ లెక్కలన్నీ చూసుకోవడానికి మెమరీ మేనేజరు అనే పెద్ద ప్రోగ్రాం ఉంది. ఎవరికి ఎంత చోటు ఇచ్చిందీ, ఎవరు ఖాళీ చేసిందీ అంతా రాసుకునే పెద్దమనిషి. అయితే ఆ పెద్దమనిషి పని మొదలెట్టాలంటే ముందు తన రిజిస్టర్లు పరుచుకోవడానికి చోటు కావాలి. చోటు ఇచ్చేది ఆయనే. ఆయన ఇంకా లేవలేదు. ఈ పీటముడి విప్పడానికి నూకరాజు తన ఇరవై ఎనిమిదో ఏట మూడు వందల పన్నెండు లైన్ల చిన్న ప్రోగ్రాం రాశాడు. దాని పేరు తొలి పంపకం. అది అందరికన్నా ముందు లేస్తుంది. మెమరీ ఎంతుందో చూస్తుంది. మేనేజరుకీ, మరి కొందరు ముఖ్యులకీ మొత్తం నలభై ఒక్క ముక్కలు పంచుతుంది. మేనేజరు లేచి కూర్చోగానే మిగతాదంతా ఆయన చేతిలో పెట్టి, తను ఉన్న చోటు కూడా ఆయనకే ఇచ్చేసి తప్పుకుంటుంది.

అది చేసే పని ఇంకొకటుంది. మెమరీలో కొన్ని చోట్లు యంత్రం తయారైననాటి నుంచీ యంత్రం సొంత పనులకి వాడుకలో ఉంటాయి. వాటిని ఇంకెవరికైనా ఇస్తే మిషన్ కొయ్యబారిపోతుంది. అందుకని తొలి పంపకం వాటిని ముందే గుర్తుపట్టి, 'ముట్టుకోవద్దు' అని ఒక జాబితా రాసి పెడుతుంది. ఆ జాబితాలో ఉన్న చోటును మేనేజరు ఎవరికీ ఇవ్వలేడు, ఎవరి దగ్గర్నుంచీ లాక్కోనూ లేడు. ఆయన లెక్క మొదలవక ముందు నుంచీ ఉన్నదాన్ని ఆయన లెక్క ఏమీ చెయ్యలేదు.

వయసులో ఉన్న సరదా కొద్దీ నూకరాజు ఆ ప్రోగ్రాం చేత తెర మీద మూడు ముక్కలు కూడా పలికించాడు. 'మెమరీ లెక్క పెట్టాను. ముట్టుకోకూడని చోట్లు: 6. తొలి పంపకం అయిపోయింది, ఇక నా చోటు కూడా తీసుకోండి.' రోజూ పొద్దున్న ఎనిమిదింటికి అతను వచ్చి, తన దగ్గరున్న తాళంతో షెడ్డు తెరిచి, మెయిన్ వేసి, సర్వరు ఆన్ చేస్తాడు. ఆ మూడు ముక్కలూ చదువుకుంటాడు. పదిన్నరకి ఆఫీసు వస్తుంది.

అంత చేసినా అతను పర్మినెంటు కాదు. వరండాలో సిబ్బంది పేర్ల బోర్డు ఒకటుంది. నలుపు మీద తెలుపు అక్షరాలు, నలభై ఏడు పేర్లు. అందులో నూకరాజు పేరు లేదు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ బోర్డు ముందు నుంచి నడిచి వెళ్ళేటప్పుడు అతను అటు చూడకుండా ఉండడం అలవాటు చేసుకున్నాడు గానీ, ఆ అలవాటు ఏనాడూ పూర్తిగా కుదర్లేదు. చనిపోయేలోగా కాదు, రిటైరయ్యేలోగా ఆ బోర్డు మీద తన పేరు పడాలి. అతని కోరిక అంతే, ఇంకేం లేదు.

ఆడిట్ అభ్యంతరం మీద ఆధునికీకరణ కమిటీ కూర్చుంది. అధ్యక్షులు డైరెక్టర్ నరోత్తమరావు గారు. ఆయన మత్స్యశాఖ నుంచి బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. సభ్య కార్యదర్శి పరిపాలనాధికారి పద్మాసని గారు. ఆవిడ నిజాయితీ గురించి ఎవరూ వేలెత్తి చూపలేరు. ఒకసారి తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా వచ్చినందుకు తనకు తానే సంజాయిషీ నోటీసు ఇచ్చుకుని, తన జవాబు సంతృప్తికరంగా లేదని ఫైల్లో రాసుకున్న మనిషి ఆవిడ.

"నూకరాజు గారూ, ఈ మూడు వందల పన్నెండు లైన్లు ఏ అధికారంతో మెమరీ పంచుతున్నాయి?" అనడిగింది పద్మాసని.

"అధికారం ఏముందండి. ఎవరో ఒకరు ఇవ్వాలి కదండి."

"ఎవరో ఒకరు అనే హోదా మన నియమావళిలో లేదు. మేనేజరు లేచిన తరువాత క్రమపద్ధతిలో ఇవ్వవచ్చును కదా."

"ఆయన లేవాలంటేనే చోటు కావాలండి."

"దరఖాస్తు పెట్టుకోమనండి."

"ఎవరికండి?"

"సమర్థ అధికారికి. అనగా మేనేజరుకు."

"దరఖాస్తు పెట్టేది ఆయనేనండి."

"స్వయంగా తనకు తాను పెట్టుకోరాదు. సరైన మార్గంలో రావలెను," అంది ఆవిడ, రాసుకుంటూ.

నరోత్తమరావు గారు గొంతు సవరించుకున్నారు. "చూడండి, కాలం మారుతోంది. పారదర్శకత, జవాబుదారీతనం, సమ్మిళిత దృక్పథం. ఈ యుగంలో చీకట్లో మెమరీ పంచుకోవడం అనేది, మరి, సంస్థాగత సమగ్రతా దృక్కోణంలోంచి చూసినప్పుడు..." ఆయన పద్మాసని వైపు చూశారు. ఆవిడ అప్పటికే నూకరాజు పర్మినెంటు అర్జీ తెరిచింది.

"మీ నియామకం జూన్ నాలుగున. మన సంస్థలో నియామకాల విభాగం ఏర్పడింది సెప్టెంబరు పదకొండున. విభాగమే లేనప్పుడు మిమ్మల్ని నియమించినదెవరు?"

"అప్పటి డైరెక్టరు గారండి. రేపట్నుంచి వచ్చెయ్యవయ్యా అన్నారండి."

"ఆ డైరెక్టరు గారు ఏ కుర్చీలో కూర్చుని అన్నారు? కుర్చీల కేటాయింపు రిజిస్టరు అక్టోబరులో గదా మొదలైంది."

"నేను వేసిన కుర్చీలోనండి. గోదాములో మూల పడుంటే తెచ్చి, తుడిచి వేశానండి. ఆయనకొకటి, నాకొకటి."

పద్మాసని కలం ఆపి అతన్ని చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. చేపలో ముల్లు దొరికినప్పటి ఏకాగ్రత ఉంది.

సమావేశం అయ్యాక డైరెక్టరు గారు నూకరాజును పక్కకి పిలిచారు. "మీ పర్మినెంటు ఫైలు నా బల్ల మీదే ఉందండి. నేను బలంగా సిఫార్సు చేసి సచివాలయానికి పంపిస్తాను. మీరు మాత్రం ఆ లైన్లు మీ చేత్తోనే తీసేసి, ఆధునికీకరణ ధ్రువపత్రం మీద సంతకం పెట్టండి. రాసినవాడే తీసేశాడంటే అభ్యంతరం అక్కడితో మూసేస్తారు."

"తీసేస్తే మిషన్ లేవదండి."

"అలా నిరాశావాదంతో మాట్లాడకూడదు," అన్నారు నరోత్తమరావు గారు, భుజం తట్టి.

ముందు మధ్యేమార్గం ప్రయత్నించారు. తొలి అరసెకనులో ఎవరికి చోటు కావాలన్నా మూడు దశల ఫారం నింపాలని నిర్ణయించారు. ఫారం నింపాలంటే ఫారం పెట్టుకోవడానికి మెమరీ కావాలని నూకరాజు మనవి చేశాడు. దాన్ని పరిశీలించి, ఫారానికి కావలసిన మెమరీ కోసం ఒక అనుబంధ ఫారం తయారు చేశారు. అనుబంధ ఫారానికి కూడా చోటు కావాలని అతను మళ్ళీ మనవి చేశాడు. ఉపసంఘం వేశారు. ఉపసంఘం మూడు వారాలు కూర్చుని, ఫారాల సంఖ్యకు అంతు ఉండదని తేల్చి, అందువల్ల ఫారాలన్నీ రద్దు చేసి ఒకే ఒక్క స్వచ్ఛమైన సూత్రం నిలబెట్టింది. పంపిణీదారు ఏర్పడక ముందు ఏ పంపిణీ జరగరాదు.

ఆ సూత్రం విన్నప్పుడు కమిటీ గదిలో చప్పట్లు కొట్టారు. నూకరాజు కూడా కొట్టాడు. అతని ఫైలు అప్పటికి సచివాలయం మెట్లెక్కింది.

ఒక శుక్రవారం తన చేత్తో మూడు వందల పన్నెండు లైన్లూ తీసేశాడు. పాత ప్రతులన్నీ చెరిపేయాలని పద్మాసని గారి షరతు. ఆఫీసులో చెరిపాడు. ఇంటి కంప్యూటర్లో ఉన్నదీ చెరిపాడు, చెరిపానని రాసి, ఆధునికీకరణ ధ్రువపత్రం మీద సంతకం పెట్టాడు. ఇంట్లోవాళ్ళని ఊరికి బస్సెక్కించి వచ్చినవాడిలా ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

పరీక్ష పెట్టారు. ఒక మిషన్లో కొత్త గౌతమి ఎక్కించి, కమిటీ అంతా చుట్టూ నిలబడి, మీట నొక్కారు. తెర నల్లగా ఉంది. పావుగంట చూశారు. నల్లగానే ఉంది.

"పాత పద్ధతిలో ఈపాటికి ఎన్ని అక్రమ పంపకాలు జరిగి ఉండేవి?" అనడిగింది పద్మాసని.

"నలభై ఒకటండి."

"ఇప్పుడెన్ని?"

"ఒక్కటీ లేదండి."

"సున్నా అని రాయండి," అంది ఆవిడ, గుమాస్తా వైపు తిరిగి. డైరెక్టరు గారు అందరితో కరచాలనం చేశారు. 'అక్రమ మెమరీ పంపకాలు నూరు శాతం నిర్మూలన. మెమరీ పొదుపు నూరు శాతం. విద్యుత్ వినియోగంలో చెప్పుకోదగ్గ తగ్గుదల' అని నివేదిక వెళ్ళింది. తెర నల్లగా ఉండడం గురించి అందులో ఒక వాక్యం ఉంది. 'వ్యవస్థ నిశ్చల స్థితిలో ఉన్నట్లు గమనించడమైనది.'

ఆ రాత్రికల్లా అన్ని మిషన్లలోనూ కొత్త గౌతమి ఎక్కింది. ఆపి మళ్ళీ ఆన్ చేసినప్పుడే కదా సంగతి బయటపడేది. నడుస్తున్న మిషన్లు నడుస్తూనే ఉన్నాయి, కొత్త పద్ధతి భేషుగ్గా ఉందని అందరూ అనుకున్నారు. పొద్దున్నే సర్వరు ఆన్ చేసే పని కూడా లేకుండా, ఏ మిషన్నీ రాత్రిళ్ళు ఆపకూడదని నూకరాజు ఎలాగో ఒప్పించాడు.

విజయం రుచి మరిగిన కమిటీ అక్కడితో ఊరుకోలేదు. షెడ్డు తాళం మీద పడింది. తాళాల రిజిస్టరు ఇన్‌చార్జి పదిన్నరకి వస్తుంటే, ఎనిమిదింటికే నూకరాజు తలుపు తీయడం ఏమిటి? ఇదీ అదే కోవలోని ముందస్తు అక్రమం అని పద్మాసని గారు తేల్చారు. తాళం చెవి అతని దగ్గర్నుంచి తీసుకుని, రిజిస్టర్లో ఎక్కించి, రిజిస్టరుతో సహా బీరువాలో పెట్టారు. బీరువా షెడ్డు లోపలుంది.

మర్నాడు నలభై ఏడుగురు పర్మినెంటు ఉద్యోగులు, ఒక తాత్కాలికుడు తలుపు బయట నిలబడ్డారు. స్కూటర్ల స్టాండు కింద డైరెక్టరు గారు సమీక్షా సమావేశం నడిపించారు. హాజరు నూరు శాతం వచ్చింది, అంతకుముందు ఎన్నడూ రాలేదు. మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికొచ్చాక తాళం పగలగొట్టించారు. పగిలిన తాళానికి బదులు కొత్తది వేయించాలని స్టోర్స్ వాళ్ళు అడిగితే, తాళమే లేకపోతే తాళం చెవిని అక్రమంగా వాడే ప్రసక్తే రాదని పద్మాసని గారు రాశారు. అప్పట్నుంచి ఆ తలుపు చేత్తో నెడితే తెరుచుకుంటుంది.

తరవాతి మంగళవారం వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పేలింది. గంటలో కరెంటు వచ్చింది. గౌతమి రాలేదు.

సర్వరు నల్లగా ఉంది. నలభై ఏడు బల్లల మీద నలభై ఏడు తెరలు నల్లగా ఉన్నాయి. ఉద్యోగులు తలో రకంగా సర్దుకున్నారు. కొందరు తెరల్లో చూసుకుని తల దువ్వుకోవడం మొదలెట్టారు. వ్యవస్థ సంపూర్ణ క్రమశిక్షణలో ఉందని డైరెక్టరు గారు వారం రోజులపాటు అన్నారు. ఎనిమిదో రోజున ఆ మాట అనడం మానేశారు.

ఆ ఎనిమిదో రోజునే సచివాలయం నుంచి ఫోనొచ్చింది. "నూకరాజు గారి ఉత్తర్వు పంపించేశామండి. మీ మిషన్లో చూసుకోండి."

ఫోనెత్తింది నూకరాజే. "నేనే నూకరాజునండి, కాస్త కాగితం మీద పంపిస్తారాండి?" అని బతిమాలాడు.

"కాగితం మీద పంపడం ఆధునికీకరణకు విరుద్ధం," అంది అవతలి గొంతు. "మీరే గదండి సంతకం పెట్టింది."

ఇరవై నాలుగేళ్ళు ఎదురుచూసిన కాగితం ఆ నల్లటి తెర వెనకాల ఉంది. అది వెలుగులోకి రావాలంటే తను తీసేసిన లైన్లు మళ్ళీ పెట్టాలి. పెడితే ఏమవుతుందో పద్మాసని గారు ముందే చెప్పేసింది. "క్రమవిరుద్ధంగా ఎవరైనా పాత లైన్లను పునరుద్ధరించిన యెడల, సదరు వ్యక్తి క్రమబద్ధీకరణకు శాశ్వతంగా అనర్హుడగును." అంతలో సచివాలయం నుంచి కార్యదర్శి గారు సోమవారం ఆధునికీకరణను కళ్ళారా చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. డైరెక్టరు గారు నూకరాజు బల్ల దగ్గరికి వచ్చి, కిటికీలోకి చూస్తూ, "అనధికారికంగా ఎవరూ ఏదీ చేయకూడదు. కానీ ఏదైనా దానంతటది జరిగిపోతే మనం ఆపలేం కదండి," అని గోడకు చెప్పి వెళ్ళిపోయారు.

జరగడానికి ఆ లైన్లు ఎక్కడున్నాయి? అన్నీ చెరిపేశాడు. పాతికేళ్ళ కిందట రాసినవి, ప్రతి అంకెనూ గుర్తు పెట్టుకోవడం మనిషి వల్ల కాదు. ఒక్క అంకె తప్పినా మిషన్ లేవదు.

ఆదివారం భోజనాలయ్యాక నూకరాజు వంటింట్లో నీళ్ళు తాగుతూ అలమర వైపు చూశాడు. పప్పుల డబ్బాల కింద పరిచిన పొడుగాటి మడతల కాగితం, అంచుల్లో చిల్లులు. గోదాము రోజుల్లో ఆ పెద్ద ప్రింటర్లో తీసిన కాగితాలు బండిల్‌గా ఇంటికి తెచ్చాడు. వెనకవైపు తెల్లగా ఉందని అతని భార్య మంగతాయారు ప్రతి అరలోనూ పరిచింది. అప్పట్నుంచి మార్చలేదు.

"ఏవండీ, ఆ డబ్బాలన్నీ ఎందుకు దింపుతున్నారు?" అంది మంగతాయారు.

"నా ఉద్యోగం నీ కందిపప్పు కింద ఉందే," అన్నాడు నూకరాజు.

ఐదు అరల్లోంచి పన్నెండు కాగితాలు దొరికాయి. మూడు వందల పన్నెండు లైన్లూ ఉన్నాయి. రెండు వందల ఏడో లైను మీద నువ్వులనూనె డబ్బా గుండ్రంగా మరక వేసింది. ఆమె కిటికీ వెలుతురుకి పట్టుకుని, కళ్ళు చికిలించి, ఒక్కో అక్షరం పలికింది. అతను టైపు చేశాడు. ఆమెకి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి గానీ, ఆ కొంకి బ్రాకెట్లకు పేర్లు తెలీవు. మీసం, తిరగేసిన మీసం అని పెట్టుకుంది. సాయంత్రందాకా ఇద్దరూ అలా కూర్చున్నారు.

"ఇది చేస్తే పర్మినెంటు పోతుందన్నారు గదండీ మరి," అంది ఆమె చివర్లో, కాగితం మడిచి.

"చెయ్యకపోతే అదుందో లేదో కూడా తెలీదు," అన్నాడు అతను. కాగితం అందుకుని, "తెలివిగానే చేస్తాన్లే" అన్నాడు.

తెలివి ఏమిటంటే పేరు మార్చాడు. తొలి పంపకం అన్న పేరు తీసేసి, పైన 'సమగ్ర ఆధునిక ప్రారంభ వితరణా వ్యవస్థ' అని పెట్టాడు. దాని కింద, తెర మీద కూడా పడేలా, రూపకర్తలు అని రాసి, నరోత్తమరావు గారు మొదలుకుని పద్మాసని గారి వరకూ కమిటీలోని తొమ్మిది మంది పేర్లూ హోదాలతో సహా ఎక్కించాడు. తన పేరు ఎక్కడా పెట్టలేదు. పేరు తప్ప మూడు వందల పన్నెండు లైన్లలో కామా కూడా మారలేదు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళి, దాన్ని సర్వరులో ఎక్కించాడు. తాళం లేకపోవడం ఆ ఒక్క రోజుకీ పనికొచ్చింది.

పదకొండింటికి కార్యదర్శి గారు వచ్చారు. పూలగుచ్ఛాలయ్యాయి. ఆయన మీట నొక్కారు. డైరెక్టరు గారు కళ్ళు మూసుకున్నారు.

'మెమరీ లెక్క పెట్టాను. ముట్టుకోకూడని చోట్లు: 6. తొలి పంపకం అయిపోయింది, ఇక నా చోటు కూడా తీసుకోండి.'

ఆ మూడు ముక్కలూ చెరపడం నూకరాజు మరిచిపోయాడు. చెరపబుద్ధి కాలేదేమో, అతనికే తెలీదు. తరవాత రూపకర్తల పేర్లు వరసగా పడ్డాయి, వాటి వెనకే గౌతమి గోదావరి బొమ్మతో నిండుగా తెర మీదికొచ్చింది. షెడ్డంతా చప్పట్లతో మోగింది.

"ఆ మాటలు ఎవరివి?" అని అడిగారు కార్యదర్శి గారు.

"మా కమిటీ రూపొందించిన వితరణా వ్యవస్థవండి," అన్నారు నరోత్తమరావు గారు, రూపకర్తల పేర్లు అప్పటికే తెర మీద చదివేసి. "ప్రభుత్వ సేవలో ఉండవలసిన వినయాన్ని అందులో పొందుపరిచాం."

పద్మాసని ముఖంలో ఒక్క రేఖ కదిలింది. ఆవిడ రూపకర్తల జాబితాలో తన పేరు చూసుకుంది. తాను చేసినది అక్రమం కాజాలదు గనుక, ఇది అక్రమం కాదు. ఆవిడ పుస్తకం మూసేసింది.

వేడుక కొనసాగుతుండగానే మూలనున్న ప్రింటరు గరగరలాడింది. నూకరాజు అందరి భుజాల మధ్యలోంచి దూరి, వెచ్చగా ఉన్న కాగితాన్ని అందుకున్నాడు.

'విషయము: గుబ్బల నూకరాజు క్రమబద్ధీకరణ. డైరెక్టరు వారి బలమైన సిఫార్సును పరిశీలించడమైనది. సదరు నియామకము నియామకాల విభాగము ఏర్పడక పూర్వము జరిగినందున, క్రమబద్ధీకరణకు వీలు లేదు. మరియు ప్రారంభ పనుల ఆధునికీకరణ విజయవంతమైనట్లు సదరు వ్యక్తి స్వయముగా ధ్రువీకరించినందున, అతని అవసరము తీరినది. కుర్చీని స్టోర్సుకు అప్పగించి, రసీదు తీసుకుని, వెళ్ళవలెను.'

రెండుసార్లు చదివాడు. పర్మినెంటు కాకపోవడం అలవాటైన బాధే. ఇరవై నాలుగేళ్ళు దాన్ని మోశాడు, ఇంకో పదేళ్ళు మోసేవాడు. అసలే పొమ్మనడం మాత్రం అలవాటైంది కాదు. తన సంతకమే తనని గెంటేసింది. పక్కనే స్వీటు పంచుతున్న గుమాస్తా అతని చేతిలో కూడా ఒక లడ్డూ పెట్టి వెళ్ళాడు.

మధ్యాహ్నం కుర్చీ ఎత్తుకుని స్టోర్స్‌కి వెళ్ళాడు. ఎడమ చెయ్యి ఊగే పాత టేకు కుర్చీ అది. స్టోర్స్ సూపరింటెండెంటు జోగినాయుడు విజయనగరం మనిషి, నెమ్మదస్తుడు. రిజిస్టరు తీసి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి చూశాడు. మళ్ళీ చివర్నుంచి మొదటికి చూశాడు.

"ఈ కుర్చీ నా రికార్డుల్లో నేదు బాబూ," అన్నాడు.

"ఇదుగో ఉంది కదండి ఎదురుగా."

"ఎదురుగా ఉంటే సరిపోద్దా? నేను ఇచ్చిన కుర్చీ అయితే నేను తీసుకుంతాను. ఇవ్వని కుర్చీకి నేను రసీదెలా రాస్తాను? మీరు రిజిస్టరు కన్నా ముందోరు. రసీదు నేకుండా మీరెళ్ళడానికి కూడా నేదంట గదా."

కుర్చీ మోసుకుని పద్మాసని గారి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఉత్తర్వు చదివింది, జోగినాయుడు రాసిన నోటు చదివింది, రెండు రోజులు గడువు కావాలంది. ఆ రెండు రోజులూ సిబ్బంది జాబితాలు, బోర్డులు, హాజరు పట్టీలు అన్నీ తిరగేసింది. నూకరాజు ఎక్కడా కనిపించలేదు. అతని జీతం కూడా మొదట్నుంచీ 'ఇతరములు' కింద వస్తోంది, ఆ వరసలో ఎవరి పేరూ ఉండదు. మూడో రోజు అతన్ని పిలిచింది.

"మీ ఉత్తర్వు అమలు పరచడానికి వీలు పడదు నూకరాజు గారూ. తొలగించాలంటే ముందు ఉండాలి. ఈ సంస్థలో మీరు ఏ రిజిస్టరు ప్రకారమూ లేరు."

"మరి నేనేం చెయ్యనండి?"

ఆవిడ నియమావళి తెరిచి, చాలాసేపు వెతికింది. "లేనివారు ఏమి చేయవలెనో నిబంధన లేదు," అంది. తరవాత, అంత వరకూ ఎవరూ ఆవిడ నోట వినని మెత్తటి గొంతుతో, "రేపు కూడా ఎనిమిదింటికే వస్తారు గదా?" అనడిగింది.

అతను అడ్డంగా తలూపబోయి, నిలువుగా ఊపాడు.

మర్నాడు పొద్దున్న వరండాలో పెయింటరు నిచ్చెన వేసుకుని ఉన్నాడు. బోర్డు కింద కొత్త పలక కడుతున్నాడు. 'సమగ్ర ఆధునిక ప్రారంభ వితరణా వ్యవస్థ, రూపకర్తలు', కింద తొమ్మిది పేర్లు. నూకరాజు ఈసారి అటు చూశాడు. మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చదివాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేడు.

తలుపు నెట్టాడు. రాత్రి వాన పడి షెడ్డంతా వేరుశనగ వాసన. మెయిన్ వేసి, సర్వరు మీట నొక్కి, ఎదురుగా నిలబడ్డాడు. తెర వెలిగింది.

'ముట్టుకోకూడని చోట్లు: 6.'

"ఏడు," అన్నాడు నూకరాజు పైకే, తన కుర్చీ తుడుచుకుంటూ.